తడి యారని నేరేడు విత్తు

నేరేడుపండు తిననివారు మన తెలుగునాట నుండరు. ఉప్పు చల్లి, మోదుగాకు దొప్పలో కుదిపి, నాలుక నీలమగువఱకు తిని, గింజలను వాకిట నుమ్మివేసిన జ్ఞాపకము మనలో ప్రతి యొక్కరికి నుండును. కాని ఆ గింజను చేతులార మట్టిలో పెట్టి మొక్కను చేసినవా రెందఱు? మేము పదిమంది సోదరీమణులను అడిగి చూచితిమి. ఒక్కరును లేరు. నేరేడు తనంత తాను మొలచునది గాని మనము పెట్టునది కాదని అందఱి తలంపు. నాలుగేండ్ల క్రిందటివఱకు మా తలంపును అదియే. పిమ్మట జరిగిన సంగతిని మాలోనే దాచుకొనుట మంచిది కాదని తోచి సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా కాపురము గద్వాలలో. మా వారు నడిగడ్డలోని యొక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తవారిల్లు వనపర్తి, పుట్టినిల్లు నాగరుకర్నూలు. ఈ మూడూళ్లును మొన్నటివఱకు పాలమూరు జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. జిల్లాలు వేఱైనను మా త్రోవ మాఱలేదు. సెలవు దొరకినపుడెల్ల ఈ మూడింటి నడుమ బస్సులో తిరుగుటయే మా దేశాటనము. ఇందలి ప్రయాణము కూడ అంతకు మించినది కాదు.

గద్వాల కృష్ణా తుంగభద్రల నడిమి సీమలోనిది. అందువలననే ఈ సీమకు నడిగడ్డ యని పేరు. ఊరి నడుమ సోమభూపాలుని కోటయు, కోటలో చెన్నకేశవస్వామి యాలయమును ఉన్నవి. సంస్థానప్రభువులు పండితులను రావించి సత్కరించుటచేత ఈ యూరికి విద్వద్గద్వాల యను పేరు వచ్చినది. నూలు చీరకు పట్టు అంచును పట్టు కొంగును కూర్చి నేయు గద్వాలచీర సంగతి సోదరీమణులకు చెప్పనక్కఱలేదు. కాని పైయూరివారు అంతగా నెఱుగనిది మఱియొకటి కలదు. ఈ సీమ ప్రత్తివిత్తనమునకు పుట్టినిల్లు. దేశములో ఎచ్చటెచ్చటనో రైతులు కొని వేయు సంకరజాతి ప్రత్తి విత్తనము మా చుట్టుపట్టుల చేలలో విస్తారముగ పండును. సాయంకాలము మొగ్గను విప్పి అందలి పుప్పొడి కాడలను గిల్లివేయుదురు. మఱునాటి యుదయమున వేఱొక జాతి పువ్వును తెచ్చి దానికి రాయుదురు. ఒక్కొక్క పువ్వును ఒక్కొక్కమాఱు చేతితో ముట్టవలసినదే. ఆ చేతులలో పెక్కు స్త్రీలవి. ఇట్టి యూర కాపురముండి, విత్తనమన్నది బాగుగ ఎండబెట్టి మూత గట్టిగ బిగించి దాచవలసిన వస్తువని మేము నమ్ముటలో వింత యేమున్నది?

నాలుగేండ్ల క్రిందట, హైదరాబాదులో చదువుకొను మా మేనకోడలు వేసవి సెలవులకు వచ్చినది. "అత్తమ్మా! బ్లాక్‌బెర్రీ విత్తనాలు తెప్పించిన. డాబా మీద పెడదామా?" అని చిన్న పొట్లమును మా చేతిలో పెట్టినది. పొట్లముపై నిగనిగలాడు నల్లని పండ్ల బొమ్మ యున్నది. లోపల నువ్వుగింజలంతటివి ఇరువది గింజలున్నవి. రెండు కుండీలలో పెట్టి రెండు నెలలు నీరు పోసితిమి. గరిక మొలచినది; మఱేమియు మొలవలేదు.

మా వారు పుస్తకములు తిరుగవేసి దాని కారణమును చెప్పిరి. ఆ బ్లాక్‌బెర్రీ చలిదేశములది, గులాబి కుటుంబములోనిది. ముండ్లతో కూడిన పొడవైన రెమ్మలు మొదటి యేడు ఆకులు వేసి రెండవ యేడు కాచును. మన హిమాలయ ప్రాంతమున దాని చుట్టములు కలవు. కుమావూను కొండలలో హిసాలు అను పసుపుపచ్చని పండు అట్టిదే. బ్లాక్‌బెర్రీ గింజ పెంకు మిక్కిలి గట్టిది. మంచు క్రింద రెండు మూడు నెలలు తడిలో నానిన పిదప గాని అది మేల్కొనదు. అందుచేత కొందఱు దానిని తడియిసుకలో కలిపి శీతలయంత్రములో అన్ని నెలలును ఉంచి పిమ్మట విత్తుదురట. అట్లు మొలపించినను, నలువది డిగ్రీలు దాటు పాలమూరు ఎండలకు ఆ మొక్క సుఖింపదు. గింజది తప్పు కాదు, మాది కాదు. ఊరు దానిది కాదు.

ఈ మాట వనపర్తిలో మా అత్తగారు విని నవ్విరి. "ఆ చలిదేశపు విత్తనా లెందుకమ్మాయీ? మన దొడ్ల నల్లపండు లేదా?" అనిరి. అత్తగారి మాటలో నిజము కూడ కలదు. ఇంగ్లీషువారు మన నేరేడును చూచి దానికి ఇండియను బ్లాక్‌బెర్రీ యని పేరు పెట్టిరి. పేరు కలిసినంతమాత్రమున చుట్టఱికము లేదు. నేరేడు లవంగము, జామ, నీలగిరిచెట్ల కుటుంబములోనిది. ఆకు నలిపి వాసన చూచిన ఆ సంగతి తెలియును.

గద్వాలనుండి వనపర్తికి పోవువారు ఎఱ్ఱవల్లి చౌరస్తా వద్ద పెద్దత్రోవ నెక్కుదురు. కొంచెము దూరములో బీచుపల్లి. కృష్ణయొడ్డున ఆంజనేయస్వామి గుడి యున్నది. బస్సు వంతెన మీదికి రాగానే మాటలాడుచున్నవారు కూడ మాటలు మాని నీటివంక చూతురు. కొందఱు నాణెమును విసరుదురు. ఏటి కీవలకు రాగానే నడిగడ్డ ముగిసినట్లే. పెబ్బేరు ప్రాంతమున శ్రీరంగాపురము కలదు. వనపర్తి ప్రభువులు కట్టించిన రంగనాయకస్వామి యాలయము చెఱువు నీటిలో తన నీడను చూచుకొనుచుండును. అచ్చటినుండి ఎఱ్ఱని చెలకలు, వేరుసెనగ చేలు, బండలగుట్టలు దాటి వనపర్తి చేరుదుము. అచ్చటి రాజభవనములో 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది.

మా అత్తవారి దొడ్డిలోని నేరేడును ఎవరును నాటలేదు. ఏ పిట్టయో, గబ్బిలమో వేసిన గింజ. అత్తగారు కాపురమునకు వచ్చునాటికి అది గోడయెత్తున నున్నదట. మేము వచ్చునాటికి రెండుమేడలయెత్తు. చైత్ర వైశాఖములలో సన్నని తెల్లని పూత పూసి తేనెటీగల మ్రోతతో దొడ్డి యంతయు నిండును. రోహిణి కార్తెలో కాయ ఎఱుపెక్కును. మృగశిర, మన పల్లెలవారు చెప్పు మిరుగు, ప్రవేశించి తొలివాన పడినతోడనే నల్లబడి రాలును. ఆ పది పదునైదు దినములు దొడ్డిలో నడచినవారి పాదము లన్నియు నీలము. మిరుగులో నేరేడుపండు తినినచో కడుపులో చేరిన వెండ్రుకలు కరగునని పెద్దలు తిననివారిచేత కూడ తినిపింతురు.

ఆ సంవత్సరము పండ్లు తిని గింజలను ఏఱి కడిగితిమి. అఱువది గింజలు. బీర, చిక్కుడు గింజలకు చేయు సంస్కారమే వీనికిని చేసితిమి. డాబాపై మూడు దినములు ఎండబెట్టి, బూడిద రాచి, గుడ్డలో మూటగట్టి డబ్బాలో దాచితిమి. శ్రావణమున మంచి దినము చూచి, ఎఱ్ఱమట్టి, ఎరువు కలిపి, దేవునికి మ్రొక్కి విత్తితిమి. ఆ నెలయు, భాద్రపదమును నీరు పోసితిమి. ఒక్క గింజయు మొలవలేదు. త్రవ్వి చూచితిమి. గింజ లోపల నల్లబడి, వ్రేళ్లతో నలిపిన పొడియైనది.

ఇచ్చట మా సొంతసంగతి యొకటి చెప్పక తప్పదు. మాకు వివాహమై పండ్రెండేండ్లు గడచినవి. సంతానము లేదు. దసరా పండుగకు వనపర్తిలో చుట్టము లందఱును చేరినపుడు ఈ గింజల మాట వచ్చినది. మా పినత్తగారు తమలపాకులకు సున్నము రాయుచు, తల యెత్తకయే, "కొందఱి చెయ్యి గంతేనమ్మా. ఏది వెట్టినా మొలవదు" అనిరి. అందఱును వినిరి. ఎవరును మాఱు పలుకలేదు. మా అత్తగారు లేచి లోపలికి పోయిరి. మేము ఆకులు పంచుచునే యుంటిమి. ఆ మాట బొత్తిగ అబద్ధమని మాకు తెలియును. కాని రాత్రి నిదురపట్టని వేళ ఖాళీ కుండీలు కన్నులకు కట్టెడివి. ఆ యేడు మఱి యే విత్తనమును చేత ముట్టలేదు. తులసికోటలో మొక్క యెండినను క్రొత్తది పెట్టుటకు చేయి సాగలేదు.

మఱుసటి మిరుగుకు నాగరుకర్నూలులో మా నాయనగారిని చూడబోయితిమి. ఆ యూరికి కేసరిసముద్రమను చెఱువే అందము. సాయంకాలము కట్టపై గాలి చల్లగ వీచును. ఊరికి తూర్పు దక్షిణముల దూరమున నల్లమల. అచ్చంపేట దాటి మన్ననూరు పోయినచో అడవియే. ఆ యడవి వాగుల వెంట నేరేడు విస్తారము. ఈ ఋతువున పల్లెలనుండి ముదుసళ్లు గంపలతో పండ్లు తెచ్చి కూర్చుందురు. అట్టి యొక యవ్వ వద్ద మేము పండ్లు కొనుచు, ఊరకయే, "అవ్వా, దీని గింజ పెట్టితే ఎందుకు మొలవదు?" అని యడిగితిమి.

అవ్వ మావంక వింతగ చూచినది. "ఎట్ల వెట్టినవు?" అని యడిగినది. ఎండబెట్టితిమని చెప్పితిమి.

"ఎండవెడితే గింజ సచ్చిపోతదమ్మా. సచ్చినదాన్ని నాటితే ఏం మొలుస్తది? తిన్న దినమే తడిమన్నుల వెట్టాలె. వానను జూసి పండే పండు గది" అన్నది.

ఇంతకంటె నెక్కువ చెప్పలేదు. పండ్లు తూచి, పైన నాలుగు కొసరు వేసి, తరువాతి వారివైపు తిరిగినది. మేము దొప్పను పట్టుకొని కట్టమీద చాలసేపు నిలుచుంటిమి. అఱువది గింజలను చంపినది మా చేతి రాత కాదు; మూడు దినముల యెండ. ఒక సంవత్సరము మోసిన బరువు ఆ యవ్వ రెండు మాటలకు దిగినది.

ఇంటికి పోయి నాయనగారికి చెప్పితిమి. వారే మాకు చిన్ననాట అరుగుమీద కూర్చుండబెట్టి కావ్యములు చెప్పినవారు. వారు కొంత తడవు ఆలోచించి, "మేఘసందేశములో దశార్ణదేశమునకు మేఘుడు చేరునప్పటికి ఎట్లున్నదని చదివితివి?" అని ప్రశ్నించిరి. అప్పుడు స్ఫురించినది. అచ్చటి వనములు పండిన జంబూఫలములతో నల్లనై యుండునని కాళిదాసు వర్ణించెను. తొలిమేఘమును పండిన నేరేడును ఆయన జంటగనే చూచెను. మేము ఆ శ్లోకమును కంఠస్థము చేసి, అర్థము చెప్పి, అలంకారము కూడ చెప్పితిమి. అవ్వ చెప్పిన సంగతి మాత్రము అందులో నున్నదని గ్రహింపలేకపోతిమి. గింజకు తడినేల కావలెను గనుక పండు వానకు పండును.

నిత్యము సంకల్పములో మన దేశమును జంబూద్వీప మనుచున్నాము. జంబువన నేరేడే. మేరువు చెంత మహాజంబూవృక్షము కలదనియు, ఏనుగులంతటి దాని పండ్లు రాలి ఆ రసము జంబూనదియై పాఱుననియు, ఆ రసమున తడిసిన మట్టి జాంబూనదమను బంగార మగుననియు పురాణములు చెప్పును. విఘ్నేశ్వరుని స్తుతిలో వెలగపండు ప్రక్కన నేరేడుపండు కూడ నున్నది. ద్వీపమునకే పేరిచ్చిన చెట్టును మన దొడ్లలో పిట్టల దయకు విడిచితిమి.

తరువాత మా వారు దీని శాస్త్రమును తెలిసికొనిరి. జొన్న, కంది, చిక్కుడు మొదలగు గింజలు తల్లిచెట్టు మీదనే ఎండి నిద్రపోవును. ఎంత పొడిగ, ఎంత చల్లగ నుంచిన అంతకాలము బ్రదుకును. 1973లో రాబర్ట్సు అను శాస్త్రజ్ఞుడు ఇట్టివానికి ఇంగ్లీషున ఆచారపరులను అర్థమిచ్చు పేరు పెట్టెను. అనగా మడి కట్టుకొన్న విత్తులన్నమాట! ఎండుటకు తాళలేని వానికి మొండివని పేరిడెను. నేరేడు, మామిడి, పనస ఈ రెండవ తెగలోనివి. ఇవి నిద్రపోవు, పండునుండి వెలువడునప్పటికే మేల్కొని యుండును. నేరేడుగింజ మామూలుగ రెండు మూడు వారములకు మించి బ్రదుకదు. ఎండలో పడినచో అంతకాలమును నిలువదు.

నార్వేదేశమునకు చెందిన స్వాల్బార్డు దీవిలో కొండను తొలిచి 2008లో విత్తనాగార మొకటి తెఱచిరి. లోకములోని పంటల విత్తనములను సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అచ్చట దాచుదురు. మన పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ విత్తులను తనవద్ద భద్రపఱచుటయే గాక అచ్చటికిని పంపినది. కాని ఆ మంచుకొండ కూడ నేరేడుగింజను దాచలేదు. దానిని నిలుపుటకు ఒక్కటే యుపాయము: చెట్టుగ పెంచుట.

ఈ మాటలు జరిగిన మఱునాడే వనపర్తినుండి కబురు వచ్చినది. ఇల్లు పంచుకొన్నారు, దొడ్డి మా మఱదిగారి వంతు. అచ్చట ఇల్లు కట్టవలెను. వారములో చెట్టును కొట్టింతురు. మఱదిగారిది తప్పనుట న్యాయము కాదు. పిల్లలు గలవారు, నీడ కావలెను. మేము సెలవును రెండు దినములు ముందుగనే ముగించుకొని వనపర్తి బస్సెక్కితిమి.

ఆ రాత్రి వాన పడినది. తెల్లవాఱునప్పటికి దొడ్డి నిండ పండ్లు. అత్తగారు మోకాళ్లనొప్పితో కూడ వంగి ఏఱుచుండిరి. "తూర్పు కొమ్మవి తియ్యన. అవి తీసుకో" అని వేఱుగ కుప్ప పెట్టిరి. పండ్లను నలిపి, గుజ్జు పోవునట్లు కడిగి, నీటిలో తేలిన గింజలను విడిచి, మునిగిన నలువదింటిని తీసికొంటిమి. తడియిసుకలో కలిపి, మూతకు చిల్లులు పెట్టిన రేకుడబ్బాలో పోసి, ఒడిలో పెట్టుకొని బయలుదేఱితిమి. బీచుపల్లి వంతెనమీద ఈమాఱు మేము నీటివంక చూడలేదు. మూత తీసి ఇసుక తడి చూచుకొంటిమి.

గద్వాల చేరిన సాయంకాలమే విత్తితిమి. సోదరీమణులకు ఉపయోగింపగలదని ఆ విధమును వివరముగ తెల్పుచున్నాము.

జానెడు లోతుగల సంచులో, పాత నూనెడబ్బాలో తీసికొని అడుగున నాలుగైదు చిల్లులు పెట్టవలెను. ఎఱ్ఱమట్టి, ఇసుక, బాగుగ చివికిన పశువుల యెరువు సమపాళ్లుగ కలిపి నింపవలెను. గింజను అడ్డముగ పండుకొనబెట్టి అంగుళము మించకుండ మట్టి కప్పవలెను. నీడపట్టున ఉంచి, మట్టి ఎండకుండ, నీరు నిలువకుండ తడుపవలెను. మొలక పది పదునైదు దినములలో కనుపించును. కొన్నింటికి మఱికొంత యాలస్యమగును. లేతాకులు రాగిరంగున నుండును. ఆ రంగు చూచి మొక్క చెడినదని భయపడవలదు.

ఒక వింత. ఒక్క గింజనుండి రెండు, మూడు మొలకలు కూడ రావచ్చును. ఒకే గింజలో పెక్కు పిండములుండుటచేత ఇట్లు జరుగును. వానిలో కొన్ని తల్లి కణములనుండియే పుట్టునందురు. అట్టివి తల్లిచెట్టు గుణమునే తెచ్చుకొనును. నాలుగాకులు వేసిన పిదప, మట్టి బాగుగ తడిపి, మెల్లగ విడదీసి వేఱువేఱుగ నాటవచ్చును. చేయి కుదురదనుకొన్నచో బలమైనదానిని ఉంచి తక్కినదానిని కత్తిరింపవలెను.

తల్లివేరు త్వరగ దిగును గనుక మొక్కను సంచిలో ఏడాదికి మించి ఉంచరాదు. మఱుసటి వానకారున, మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంట తీసి, రెండు గంపల యెరువు పైమట్టితో కలిపి నింపి నాటవలెను. మేకలు తినకుండ తుమ్మకంప నాటవలెను. మొదటి రెండు మూడు వేసవులు పాదు ఎండకుండ నీరు పోయవలెను. పిదప అది మనలను అడుగదు. ఇంటిగోడకు దగ్గఱగ నాటరాదు. నేరేడుకొమ్మ పెళుసు, గాలికి విఱుగును, ఎక్కిన పిల్లలను పడవేయును. చెట్టుకు చెట్టుకు ముప్పది యడుగులైనను ఎడముండవలెను. గింజనుండి పుట్టినది కాపునకు వచ్చుటకు ఎనిమిది పది యేండ్లు పట్టును. అంత ఓపిక లేనివారు అంటుమొక్కను తెచ్చుకొనవచ్చును. అది అంతకంటె ముందుగ కాచును. నాగరుకర్నూలుకు సమీపమున పాలెములో వ్యవసాయ పరిశోధనస్థానము కలదు. నేలను గుఱించి సందేహమున్నవారు అట్టిచోట విచారించుట మేలు.

ఇక దాని యుపయోగములు. పండు వగరు తీపి. రసముతో షర్బతు, పులియబెట్టి సిర్కా చేయుదురు. గింజలపొడిని మధుమేహమునకు ఆయుర్వేదము వాడును. కాని సోదరీమణులెవ్వరును ఆ పొడిని నమ్మి వైద్యులిచ్చిన మందును మానరాదు. బెరడు కషాయముతో చిగుళ్ల జబ్బునకు పుక్కిలింతురు. చెక్క నీటిలో త్వరగ చివుకదు గనుక ఉత్తరదేశమున బావుల అడుగున వేయుట కలదు.

నలువది గింజలలో ముప్పదిమూడు మొలచినవి. ఏడింటికి జంటమొలకలు. మొదటి రాగి మొలకను చూచిన ఉదయమున మా వారిని నిద్రలేపితిమి. ఇద్దరము కుండీల ప్రక్కన కూర్చుంటిమి. బడి కాలము మించిపోవుచున్నదని వారే ముందుగ లేచిరి.

అటుపిమ్మట మఱొక చిక్కు వచ్చినది. మాది అద్దెయిల్లు, పిడికెడు నేల లేదు. మా వారికి ఎప్పుడు ఎచ్చటికి బదిలీ యగునో తెలియదు. పదియేండ్లకు కాచు చెట్టును ఎచ్చట నాటుదుము? ఎవరి కొఱకు నాటుదుము? ఈ ప్రశ్న మమ్ము కొన్నాళ్లు బాధించినది. వనపర్తి చెట్టును నాటినవా రెవరని తలచుకొన్నచో దానికి జవాబు దొరకినది. మేము తినిన పండ్లలో ఒక్కటియు మా కొఱకు నాటినది కాదు.

మా వారి పాఠశాల ఆవరణమున నాలుగు నాటిరి. ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క తరగతి పిల్లలు నీరు పోయుచున్నారు. నాగరుకర్నూలులో నాయనగారి దొడ్డికి రెండు పోయినవి. మేనకోడలు ఒకటి తీసికొనిపోయి తన కళాశాలలో నాటించినది. దానికి బ్లాక్‌బెర్రీ యని చీటి కట్టినదట. కేసరిసముద్రము కట్టపై అవ్వకు చెప్పవలెనని తరువాతి మిరుగులో వెదకితిమి. ఆమె కనబడలేదు. ఆ ప్రక్కనున్న వేఱొక యామెకు సంగతి చెప్పగా, "గది అందరికి ఎర్కే గదమ్మా" అని నవ్వినది.

వనపర్తిలో చెట్టును కొట్టిరి. అత్తగారు ఆ దినము గుడిలో కూర్చుండి సాయంకాలము గాని యింటికి రాలేదు. మొదలులోని పలకనొకదానిని తెప్పించి, ఇప్పుడు దానిపై కూర్చుండి పూలు కట్టుకొనుచున్నారు. క్రొత్తయింటి మూలగ మిగిలిన జాగాలో మఱదిగారే గుంట తీసి ఒక మొక్క నాటిరి. అది ఇప్పుడు అత్తగారి తలకంటె ఎత్తు పెరిగినది.

గడచిన శ్రావణమున పినత్తగారు గద్వాల వచ్చిరి. భోజనములైన పిదప డాబా ఎక్కి, మిగిలిన మొక్కల నడుమ కొంతసేపు తిరిగి, ఒకదాని ఆకును తాకి, "నాకు గూడ ఒకటి ఇస్తవా అమ్మా?" అని యడిగిరి. దసరానాటి మాటను వారును తలపెట్టలేదు, మేమును తలపెట్టలేదు. జంటమొలకలలో ఏపుగ పెరిగిన రెండింటిని ఏఱి, వేళ్లచుట్టు మట్టి రాలకుండ తడిగోనె చుట్టి, బస్సులో వారి ఒడిలో పెట్టితిమి. త్రోవలో తడి యారనీయవలదని మాత్రము చెప్పితిమి.